నాలుగే తీగలున్నాయేంటన్నా? గిటార్, బేస్ మీద అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాల్లో బేస్ (కింది స్వరాలు పలికే, లావు తీగల గిటార్) వాయిస్తున్నా, సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తున్నా. ప్రోగ్రాం అయ్యాక చప్పట్లన్నీ ఆరు తీగల లీడ్ గిటార్ వాడికి, మన దగ్గరికొచ్చి మాత్రం "అన్నా, నీదాన్లో నాలుగే తీగలున్నాయేంటి" అంటారు. అది అలవాటైపోయింది గానీ, నేర్చుకునేవాళ్లలో కూడా కొన్ని అపోహలు చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

అపోహ: ఎంత స్పీడుగా వాయిస్తే అంత గొప్ప.

వాస్తవం: అమెరికాలో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదాంతోనే వాయించేవాడు. తీగలు పాతబడినా మార్చేవాడు కాదు, బ్రిడ్జి (తీగలు కింద ఆనుకునే చోటు) దగ్గర స్పాంజి ముక్క పెట్టుకునేవాడు, దాంతో నోటు ధమ్మని పడి అక్కడికక్కడే ఆగిపోయేది. అప్పటిదాకా పాప్ పాటల్లో బేస్ అంటే రూట్ నోటు (కార్డ్ మొదటి స్వరం), ఐదో నోటు కొట్టుకుంటూ పోవడమే ఎక్కువ, ఈయన పాట కింద ఇంకో పాట అల్లాడు. 1971 దాకా ఆ రికార్డుల అట్టల మీద ఆయన పేరే వెయ్యలేదు, అయినా బీటిల్స్ బేసిస్ట్ పాల్ మెకార్ట్నీ లాంటోడు ఆ వాయించేదెవరో తెలియకుండానే ఆ లైన్లు విని నేర్చుకున్నాడు. ప్రభావం అంటే అదీ.

మొన్న ఓ కుర్రాడికి గిన్నెలు తోమే స్పాంజి కోసి తీగల కింద దూర్చి, ఒక్క వేలితో వాయించమన్నా. పది నిమిషాలు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత వాడే అన్నాడు, "సార్, నేను డ్రమ్స్ కంటే ముందు పరిగెడుతున్నానా?" అని. నోటు సాగినంతసేపు ఆ తప్పు దాక్కుంటుంది మరి.

అపోహ: స్లాప్ (తీగని కొట్టి, లాగి వదిలే పద్ధతి) అంటే షో చెయ్యడానికే.

బేసిస్ట్ లారీ గ్రాహం వాళ్లమ్మ బ్యాండ్‌లో డ్రమ్మర్ లేకుండా పోయాడు. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బదులు బొటనవేలితో కొట్టాడు, స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) బదులు వేలితో తీగ లాగి వదిలాడు. అవసరం కొద్దీ పుట్టింది, ఇప్పుడు రీల్స్‌లో అందరూ అదే కొడుతున్నారు, డ్రమ్మర్ పక్కనే ఉన్నా సరే!

అపోహ: ముందు కనిపెట్టినోడే ఇన్నోవేటర్.

కాదు. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ 1978లో, రెండో చేతి వేళ్లతో కూడా మెడ మీదే తీగలు తట్టే ట్యాపింగ్‌తో ఊపేశాడు, కానీ అంతకుముందే జెనెసిస్ బ్యాండ్ గిటారిస్ట్ స్టీవ్ హ్యాకెట్ అలా వాయించాడు. ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) లేని బేస్ 1966కే షాపుల్లో ఉంది. పదేళ్ల తర్వాత బేసిస్ట్ జాకో పాస్టోరియస్ తన జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ మోడల్) ఫ్రెట్లు పీకేసి, సందులు పూడ్చి, పైన పడవలకి పూసే ఎపాక్సీ పూసుకుని వాయించిన ఆల్బమ్ వచ్చాకే అది మనిషి గొంతులా పాడగలదని లోకానికి తెలిసింది.

అపోహ: ఖరీదైన గిటారు, పొడుగాటి వేళ్లు ఉండాలి.

బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల చివర్లు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. సబ్బునీళ్ల ప్లాస్టిక్ బాటిల్ కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు, తర్వాత తీగలు వదులయ్యేలా ట్యూనింగ్ కిందకి దింపాడు. హెవీ మెటల్ అనే రాక్ సంగీతానికి ఆ బరువు అలా వచ్చింది.

అంత దూరమెందుకు, మన పాలకొల్లు శ్రీనివాస్ గారిది గిటార్ కాదు మాండొలిన్, అయినా లెక్క అదే. జంట తీగల మీద గమకం లాగడం కష్టం, అందుకే ఎనిమిది తీగల్ని తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టించుకున్నారు.

ఇక నొటేషన్ (రాసిన స్వరాలు చదవడం) అక్కర్లేదా అంటే, రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్‌కి చదవడం రాదు, నిజమే. కానీ ఇళయరాజా గారి రికార్డింగ్‌లో స్కోరు, అంటే వాయించాల్సిన స్వరాలన్నీ, రాసి ముందు పెడతారు. చదవడం రాకపోతే ఆ కుర్చీలో కూర్చోలేం, అంతే.