రంగు పోయింది సరే, నీళ్లు బాగుపడ్డాయా? ఉత్ప్రేరక మెంబ్రేన్లపై అపోహలు - వాస్తవాలు

బట్టల అద్దకం నీళ్లను శుద్ధి చేసే మెంబ్రేన్లతో, అంటే సన్నటి రంధ్రాలున్న వడపోత పొరలతో నా పని. మెంబ్రేన్‌లోనే ఉత్ప్రేరకాన్ని కూర్చి, వడపోత జరుగుతుండగానే రంగు అణువులను విరగ్గొట్టే రకం ఇవి. వీటి గురించి తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఇదొక సన్నటి జల్లెడ, రంగు పైనే ఆగిపోతుంది.

వాస్తవం: మిథిలిన్ బ్లూ అనే నీలం రంగు అణువు సుమారు ఒక నానోమీటరు ఉంటుంది. అల్ట్రాఫిల్ట్రేషన్ అనే రకం వడపోత పొరల రంధ్రాలు అంతకన్నా పెద్దవి, కాబట్టి అది దర్జాగా దాటిపోతుంది. ఇంకా సన్నటి రంధ్రాలుండే నానోఫిల్ట్రేషన్ చాలావరకు ఆపుతుంది. కానీ ఆగిన రంగంతా చిక్కటి ద్రవంగా మిగులుతుంది, దాన్నేం చేయాలన్నది ఇంకో తలనొప్పి. మా మెంబ్రేన్ చేసేది వేరే పని. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీరు వెళ్తుంటే, రంధ్రాల గోడల మీది ఇనుము ఆ పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తుంది. ఎదురైన అణువునల్లా విరగ్గొట్టే చురుకైన కణాలివి. వాటి ఆయుష్షు మైక్రోసెకన్లలోపే, పుట్టిన చోటి నుంచి ఎంతో దూరం పోలేవు. రంధ్రం ఇరుకు కాబట్టి రంగు అణువు పక్కనే దొరుకుతుంది.

అపోహ: రంగు పోయిందంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. మొదటి ట్రయల్‌లో నీలం నీళ్లు పోస్తే కింద తేటగా దిగాయి. తెగ సంబరపడ్డాను. మర్నాడు ఆ మెంబ్రేన్ ముక్కను ఆల్కహాల్‌లో ముంచితే గ్లాసంతా నీలం! ఏదీ విరగలేదు, రంగు మెంబ్రేన్‌కు అంటుకుందంతే. అప్పటి నుంచి ముందు పెరాక్సైడ్ లేకుండా రంగునీళ్లు పంపి, మెంబ్రేన్ ఇక పట్టలేనంత పట్టాకే లెక్క మొదలుపెడతాను.

నిజంగా విరిగినా కథ అయిపోదు. అజో రంగులనే రకంలో రెండు నైట్రోజన్ల మధ్య బంధం తెగితే చాలు, రంగు మాయం. క్షయకరణంతో, అంటే ఎలక్ట్రాన్లు చేర్చి తెంచితే, మిగిలేవి ఆరోమాటిక్ అమైన్లనే ముక్కలు. వాటిలో బెంజిడిన్ లాంటివి క్యాన్సర్ కారకాలు. రంగు పీల్చే కాంతి దగ్గరే కొలిస్తే స్పెక్ట్రోఫోటోమీటర్‌కు (కాంతి ఎంత పీల్చుకుందో కొలిచే పరికరానికి) ఇవి పట్టవు, సున్నా చూపించి ఊరుకుంటుంది. అందుకే టీఓసీ, అంటే నీళ్లలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్ ఎంతో అడగండి. సీఓడీ (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె) ఒక్కటే చూస్తే, మిగిలిపోయిన పెరాక్సైడ్ అంకెను పెంచేసి అనవసరంగా టెన్షన్ పెడుతుంది.

అపోహ: టైటానియం డయాక్సైడ్ పూత ఉంటే ఎండ చాలు.

వాస్తవం: టైటానియం డయాక్సైడ్ కాంతి తగిలితేనే పనిచేసే ఉత్ప్రేరకం. మామూలుగా వాడే అనటేజ్ రకానికి 387 నానోమీటర్ల లోపు కాంతి కావాలి. ఎండలో అతినీలలోహిత కాంతి 5 శాతం దాకానే. పైగా చిక్కటి రంగునీరు ఆ కాస్త వెలుతురునూ లోపలికి పోనివ్వదు.

అపోహ: మెంబ్రేన్ తనను తాను కడుక్కుంటుంది, ఎన్నాళ్లయినా పనిచేస్తుంది.

వాస్తవం: మురికి కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఏది రంగో ఏది పాలిమరో రాడికల్‌కు తెలియదు. మెంబ్రేన్లకు వాడే గట్టి ప్లాస్టిక్ పీవీడీఎఫ్ కూడా మెల్లగా దెబ్బతింటుంది. సిరామిక్ తట్టుకుంటుంది గానీ ఖరీదెక్కువ, పెళుసు. ఉత్ప్రేరకంగా కోబాల్ట్ వాడితే అది కొద్దికొద్దిగా నీళ్లలోకి కరిగిపోతుందేమో కూడా చూడాలి.

ఎవరైనా ‘99 శాతం రంగు పోయింది’ అని రిపోర్టు తెస్తే నేను ముందు అడిగేది, ఏ నీళ్లతో చేశారని. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే రంగు కలిపి చేసినదే ఎక్కువగా చూస్తుంటాను. కానీ నూలుకు వాడే రియాక్టివ్ రంగుల అద్దకం తొట్టెలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు, పీహెచ్ 10 పైన. ఇనుము, పెరాక్సైడ్ జోడీ బాగా పనిచేసేది పీహెచ్ 3 దగ్గర. ఉప్పులోని క్లోరైడ్ రాడికల్స్‌ను మింగేస్తుంది. అదే మెంబ్రేన్ మీద ఒక్కరోజు అసలు తొట్టె నీళ్లు పంపి, ఆ అంకె పట్టుకురమ్మంటాను.