గుళిక ఆకుకు అంటాలి: లాన్‌లో వెడల్పాకు కలుపుపై అపోహలు – వాస్తవాలు

లాన్ల పనిలో నేను తరచుగా వినే ఫిర్యాదు ఒకటుంది. "ఎరువు కలిసిన కలుపు మందు గుళికలు చల్లాం. గడ్డి పచ్చబడింది, దాంతోపాటు కలుపూ పచ్చబడింది." నకిలీ సరుకు అంటగట్టారని కోప్పడతారు. నేను చూసినంతలో చాలాసార్లు మందులో లోపం ఉండదు, తేడా అంతా నీళ్ల దగ్గరే వస్తుంది.

అపోహ: గుళికలు చల్లగానే నీళ్లు పెట్టాలి.

ఎరువుకైతే అంతే. పెండిమిథాలిన్ లాంటి, విత్తనం దశలోనే కలుపును ఆపే మందుకైనా అంతే, అది మట్టి పైపొరలోకి దిగాలి కాబట్టి. కానీ మొలిచి ఎదుట కనిపిస్తున్న కలుపు మీద వాడే 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా గుళికల పని వేరు. అవి ముఖ్యంగా ఆకులోంచి లోపలికి వెళ్లాలి. అంటే చల్లే ముందు ఆకు తడిగా ఉండాలి, చల్లాక కనీసం ఒక రోజు నీళ్లు తగలకూడదు. మంచు ఆరని పొద్దున్నే చల్లమనేది ఇందుకే.

ఒకసారి వంగి చూస్తే మీకే తెలుస్తుంది. పొడి ఆకు మీద పడ్డ గుళిక ఆవగింజలా దొర్లి గడ్డి మొదట్లోకి జారిపోతుంది. తడిసిన క్లోవర్ (ఒక వెడల్పాకు కలుపు) ఆకు మీద పడింది మాత్రం అక్కడే అతుక్కుని, మెల్లగా మెత్తబడుతుంది. చల్లడం అయ్యాక నేను నాలుగైదు చోట్ల కూర్చుని ఆకులు చూస్తాను. వాటి మీద గుళికలు కనబడకపోతే ఆ రోజు పని దండగే. ఓసారి అన్నీ సరిగ్గా చేసి వచ్చాను, స్ప్రింక్లర్ టైమర్ కట్టేయడం మాత్రం మరిచాను. గంటకల్లా అది తిరిగింది. మూడు వారాలైనా ఒక్క క్లోవర్ ఆకు కూడా వాడిపోలేదు.

అపోహ: రెండు రోజుల్లో చావకపోతే ఇంకో దఫా చల్లాలి.

ఇవి ఆకును మాడ్చే మందులు కావు. మొక్క పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోన్‌లా నటించి, అడ్డూ అదుపూ లేకుండా పెరిగేలా చేస్తాయి. కాడలు మెలితిరగడం, ఆకులు ముడుచుకోవడం కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది. పూర్తిగా ఎండటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మెలిక కనబడిందంటే మందు లోపలికి వెళ్లినట్టే, ఆగండి.

అపోహ: మన గడ్డి కానిదంతా వెడల్పాకు కలుపే.

తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. అది గడ్డీ కాదు, వెడల్పాకూ కాదు. ఈ గుళికలకు లొంగదు, దానికి హాలోసల్ఫ్యూరాన్ లాంటి వేరే మందు కావాలి. పులిచింత వెడల్పాకు కలుపే గానీ మొండిది. ఉత్త 2,4-డికి సరిగా చావదు, ట్రైక్లోపిర్ ఉన్న మందైతే మేలు.

అపోహ: గడ్డికి, చెట్లకు ఏ హానీ ఉండదు.

అన్ని గడ్డి రకాలూ ఒకేలా తట్టుకోవు. సెయింట్ అగస్టీన్ గడ్డి 2,4-డికి దెబ్బతింటుంది. కొత్తగా మొలిచిన లాన్‌ను మూడు నాలుగు కోతలయ్యేదాకా ముట్టుకోకండి. ఎండ 30 డిగ్రీలు దాటిన రోజున మానుకోండి. గుళికకు తుంపర ఎగిరే బాధ లేదన్నది నిజమే. కానీ డైకాంబా మట్టిలో నీటితో కదులుతుంది, చెట్ల వేళ్లు దాన్ని పీల్చుకుంటాయి. అందుకే చెట్ల చుట్టూ నేను ఖాళీ వదిలేస్తాను. బాట మీద పడ్డ గుళికలను చీపురుతో లాన్‌లోకే ఊడ్చేస్తాను. పైపుతో కడిగితే అవి కాలువలోకి పోతాయి.

అపోహ: ముందు గడ్డి కోసి చల్లితే బాగా పడుతుంది.

కోస్తే మందు పట్టే ఆకే పోతుంది. చల్లడానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మెషీన్ తీయకండి. ఆపైన మొదట కోసిన గడ్డిని కూరగాయ మొక్కల మొదట్లో పరచకండి, అందులో మందు మిగిలి ఉంటుంది.

అపోహ: పిచికారీ కన్నా గుళికలే బలం.

కాదు. ఆకంతా తడిపే పిచికారీకే పట్టు ఎక్కువ. గుళికల్లో ఉన్నది సౌకర్యం. అది కూడా లాన్ అంతటా కలుపు పరుచుకున్నప్పుడే. అలాంటప్పుడు మోతాదును రెండు సగాలు చేసి, గుళికలు చల్లే స్ప్రెడర్‌ను ఓసారి నిలువుగా, ఓసారి అడ్డంగా నడిపితే చారలు రావు. పది పదిహేను మొక్కలే ఉంటే నేను సంచీ విప్పను. వాన వెలిశాక, మట్టి మెత్తగా ఉండగానే, సన్నటి పలుగుతో తల్లివేరుతో సహా లేపేస్తాను. డాండెలియన్ అనే కలుపు వేరు సగంలో తెగితే మాత్రం మళ్లీ చిగురు పెడుతుంది.