పులుల కంటే చీమలే ఎక్కువ ఏడిపించాయి: పాతకాలపు నమూనాల సేకరణపై అపోహలు, వాస్తవాలు

మ్యూజియంలో పక్షి చర్మాలు, పురుగుల నమూనాలు భద్రపరచడం నా పని. వందేళ్లకు పైబడిన పాత నమూనాల్ని అడవుల్లో తిరిగి సేకరించినవాళ్ల గురించి, బీరువాలు చూడ్డానికి వచ్చేవాళ్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆ అడవుల్లో పులులు, పాములే పెద్ద గండం.

వాస్తవం: చీమలండీ! 1858లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ న్యూ గినియా దీవిలోని డోరీలో ఉన్నప్పుడు నల్ల చీమలు ఇంటి కప్పులోనే గూడు కట్టాయి, ఆయన అట్టలకు అంటిస్తున్న పురుగుల్ని కళ్లెదుటే ఊడబెరుక్కుని పోయేవి. పక్షి చర్మాలు ఆరబెడితే ఈగలు గుంపులుగా వాలి గుడ్లు పెట్టేవి, మర్నాటికల్లా శుభ్రం చేయకపోతే అవన్నీ పురుగులే. ఇంతలో మడమకు దెబ్బ తగిలి పుండై ఆయన నడవలేకపోయాడు, పనివాడు జుమాత్ అక్కడే జబ్బు చేసి చనిపోయాడు. అమెజాన్‌లో ఇంకో బ్రిటిష్ సేకర్త హెన్రీ బేట్స్ అయితే నమూనాలు ఆరబెట్టే పంజరాన్ని తాడుతో దూలానికి వేలాడదీసి, చీమలు దిగకుండా ఆ తాడుకు చేదు నూనె పూసేవాడు. పురుగు పట్టకుండా పక్షి చర్మాలకు ఆర్సెనిక్ కూడా పూసేవాళ్లు, ఆ విషం ఇంకా పోలేదు, అందుకే పాత చర్మాల్ని మేం గ్లోవ్స్ లేకుండా ముట్టుకోం.

అపోహ: వాళ్లంతా డబ్బున్న దొరలు, సరదాకి తిరిగారు.

వాస్తవం: అలాంటివాళ్లూ ఉన్నారు. కానీ వాలెస్, బేట్స్ బతుకు నమూనాలు అమ్ముకోవడం మీదే నడిచింది, లండన్‌లో శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటు అమ్మిపెట్టేవాడు. నాలుగేళ్లు అమెజాన్‌లో తిరిగి, తమ్ముణ్ని పచ్చజ్వరానికి పోగొట్టుకుని, 1852లో వాలెస్ ఇంటికి బయలుదేరితే నడిసముద్రంలో ఓడ తగలబడింది. వెంట తెచ్చుకుంటున్న సేకరణ దాదాపు అంతా బూడిద. కొన్ని బొమ్మలున్న రేకుపెట్టె మాత్రం దక్కింది. పది రోజులు చిన్న పడవల్లో ఉన్నాక ఇంకో ఓడ కాపాడింది. స్టీవెన్స్ ముందుచూపుతో చేయించిన 200 పౌండ్ల బీమా లేకపోతే చేతిలో ఏమీ ఉండేది కాదు. అయినా రెండేళ్లకే మలయ్ దీవులకు వెళ్లాడు చూడండి, నాకు అది తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

అపోహ: మలయ్ దీవుల్లో వాలెస్ ఒక్కడే 1,25,660 నమూనాలు సేకరించాడు.

వాస్తవం: ఎనిమిదేళ్లలో ఆ లెక్క నిజమే, ఒక్కడే అన్నది కాదు. బోర్నియో దీవిలోని సరవాక్ కుర్రాడు అలీ తుపాకీ పట్టాడు, చర్మాలు ఒలిచాడు, జ్వరమొస్తే ఆయన్ని చూసుకున్నాడు. బచాన్ దీవిలో, ఇప్పుడు వాలెస్ పేరుతో పిలిచే స్వర్గపక్షిని మొదట వేటాడి తెచ్చింది అలీయే. మేం ఇప్పుడు కొత్త లేబుల్ రాసేటప్పుడు వల పట్టినవాళ్ల పేరు, దారి చూపినవాళ్ల పేరు కూడా రాస్తున్నాం.