పనికిరాదనుకున్న టర్కీ గోధుమ

చిరంజీవులకు ఆశీస్సులు.

1948లో జాక్ హార్లన్ అనే అమెరికా శాస్త్రవేత్త తూర్పు టర్కీలో తిరుగుతూ గోధుమ విత్తనాలు సేకరించాడు. అందులో ఒక రకం మరీ నాసిగా ఉండేది. సన్నగా, పొడుగ్గా ఎదిగి ఒరిగిపోతుంది, గట్టి చలికి ఆగదు, రొట్టెకూ బాగుండదు. పేరైనా పెట్టకుండా పి.ఐ. 178383 అని నంబరు వేసి దాచారు. దాదాపు పదిహేనేళ్లు దాని వంక చూసినవాళ్లు లేరు.

1960ల మొదట్లో అమెరికా వాయవ్య ప్రాంతంలో గోధుమకు పసుపు తుప్పు తెగులు ముంచుకొచ్చింది. అక్కడిది శీతాకాలపు గోధుమ. చలికి ముందే విత్తుతారు, మొలక మంచులో గడిపి మరుసటి వేసవికి కోతకొస్తుంది. వారాల తరబడి చలి తగలకపోతే సరిగా కంకి వేయదు. మన రబీ గోధుమకు ఆ అవసరం లేదు.

ఈ తెగులు ఒక శిలీంద్రం. ఆకు మీద పసుపు చారలు వస్తాయి, ముట్టుకుంటే వేలికి పొడి అంటుతుంది. ఆ పొడంతా శిలీంద్రపు బీజాలే, గాలికి ఎంతో దూరం పోతాయి. గింజకు చేరాల్సిన తిండిని శిలీంద్రం లాగేసుకుంటే మిగిలేది తాలు గింజలే. అక్కడ బాగా సాగయ్యే ఒమర్ రకం దానికి లొంగిపోయింది. టర్కీ గోధుమ మాత్రం నిలబడింది! గింజను నల్ల పొడిగా మార్చే కాటుక తెగులునూ అది తట్టుకుంటుందని తేలింది.

మరి ఆ గుణం ఒమర్‌లోకి ఎలా తేవాలి? గోధుమ పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకని తల్లి కంకిలో ఒక్కో పువ్వు నుంచి పుప్పొడి తిత్తుల్ని, పగలకముందే, పట్టకారుతో తీసేయాలి. కాగితం సంచి తొడిగి, అదను చూసి రెండో రకం పుప్పొడి అద్దాలి. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. పుట్టిన మొక్కకు ఒరిగిపోయే గుణమూ వస్తుంది కాబట్టి దాన్ని మళ్లీ ఒమర్‌తో కలిపారు. తరతరానా తెగులు సోకని మొక్కల్నే ఏరుకుంటూ పోవాలి. అలా 1965లో ఆ వాయవ్య ప్రాంతపు ఒరెగాన్ రాష్ట్రంలో మోరో అనే వంగడం విడుదలైంది.

కానీ కొన్నేళ్లకే తుప్పు మోరోనూ పట్టింది. మోరోకు ప్రధాన రక్షణ ఒకే జన్యువు. కోట్లాది బీజాల్లో ఏ ఒక్కటి మారి దాన్ని దాటినా చాలు, మళ్లీ చేలన్నీ పసుపే. అందుకే ఇప్పుడు తెగులును పూర్తిగా ఆపకపోయినా నెమ్మదింపజేసే చిన్న చిన్న జన్యువుల్ని నాలుగైదు ఒకే మొక్కలో చేరుస్తున్నారు. నాకు ఈ దారే నమ్మకంగా అనిపిస్తుంది.

ఆ జన్యువులు పాత రకాల్లో వెతకాల్సిందే. దాచిన విత్తనం కూడా శాశ్వతం కాదు, మొలక శక్తి తగ్గితే విత్తి కొత్త గింజ పట్టాలి. ఆ ఖర్చు దండగ అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలను ఇలాగే కాపాడుతున్నారు.

మీ తాతయ్య