ఎనిమిదేసి బైట్లతో సర్వర్‌ను పడగొట్టిన లెక్క

17ను 32తో, వచ్చినదాన్ని 1,024తో హెచ్చవేసి, 8తో భాగించండి. 69,632 వస్తుంది. 2019 జూన్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సర్వర్లు నడిపేవాళ్లందరికీ టెన్షన్ పెట్టింది ఈ చిన్న లెక్కే.

కంప్యూటర్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ చూసుకునే ప్రోగ్రామ్ కర్నెల్. ఏదైనా యాప్‌లో తప్పు దొర్లితే ఆ యాప్ ఒక్కటే మూతపడుతుంది. కర్నెల్ పడిపోతే మిషనే ఆగిపోతుంది. అందులోనూ నెట్‌వర్క్ కోడ్‌కు ఇంకో చిక్కుంది. ఊరూపేరూ తెలియనివాడు పంపిన ప్యాకెట్‌నైనా (డేటా పొట్లాన్నైనా) అది విప్పి చదవాల్సిందే. పాస్‌వర్డ్ అడగడం ఆ తర్వాతి సంగతి.

ఇంటర్నెట్‌లో ఒక ఫైలును పంపేటప్పుడు టీసీపీ అనే నియమాల పద్ధతి దాన్ని ముక్కలు చేసి పంపుతుంది. అందుకున్నవాడు మొదట్లో "ఇక్కడిదాకా అందాయి" అని మాత్రమే చెప్పగలిగేవాడు. పదింటిలో అయిదోది దారిలో పోతే, ఆరు నుంచి పది దాకా చేరాయని చెప్పే వీలుండేది కాదు. 1996లో వచ్చిన 'శాక్' పద్ధతి ఆ లోటు తీర్చింది. "అయిదోది తప్ప మిగతావి వచ్చాయి" అని చెప్పొచ్చు.

పంపిన ముక్కల నకళ్లను లినక్స్ కొంతసేపు దాచుకుంటుంది. అందాయని శాక్ ద్వారా తెలిసిన పక్కపక్క ముక్కలను, చోటు కలిసొస్తుందని, ఒకే మూటగా కడుతుంది. ఒక మూటలో గరిష్ఠంగా 17 భాగాలు, మామూలు ఇంటెల్ తరహా మిషన్లలో ఒక్కోటి 32 కిలోబైట్ల దాకా. మూటలో ఎన్ని ముక్కలున్నాయో రాసుకునే గడి 16 బిట్లది, అంటే 65,535 వరకే పడుతుంది. సాధారణంగా ముక్క 1,460 బైట్లు ఉంటుంది కాబట్టి మూట నిండా కుక్కినా నాలుగు వందల ముక్కలు కూడా కావు. గడి సరిపోదేమోనని ఎవరికి అనుమానం వస్తుంది?

అయితే ముక్క ఎంత ఉండాలో అవతలివాడు కూడా చెప్పొచ్చు. లినక్స్ 48 బైట్ల దాకా దిగుతుంది. అందులో 40 బైట్లు టీసీపీ అదనపు వివరాలకే పోగలవు. అసలు సరుకుకు మిగిలేది 8 బైట్లు. అప్పుడు మూటలో 69,632 ముక్కలు. పాత స్కూటర్ మీటరు 99,999 దాటాక మళ్లీ సున్నాలకు వచ్చినట్టు, గడిలో అంకె తిరగబడుతుంది.

ఒక మూటలోని ముక్కలను పక్కమూటలోకి మార్చేటప్పుడు ఒక తనిఖీ ఉంది. మూటలో ఉన్నాయని గడిలో రాసిన అంకె, అందులోంచి మారుస్తున్న ముక్కల సంఖ్యకన్నా తక్కువగా కనిపిస్తే "ఇలా జరగడానికి వీల్లేదు" అనుకుని కర్నెల్ తనంతట తానే ఆగిపోతుంది. దీన్నే కర్నెల్ పానిక్ అంటారు. ఈ లోపానికి 'శాక్ పానిక్' అనే పేరు అలా వచ్చింది. ఇలా మిషన్నే ఆపేసే తనిఖీలు పెట్టొద్దని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్నోసార్లు కసురుకున్నారు. లెక్క తప్పాక గుడ్డిగా ముందుకెళ్లడం కన్నా ఆగిపోవడమే నయమనేవాళ్లూ ఉన్నారు, ఆ మాటలోనూ న్యాయముంది. ఇక్కడ మాత్రం ఆ తనిఖీయే సర్వర్ ఆపే స్విచ్‌ను బయటివాడి చేతిలో పెట్టింది. డేటా దొంగిలించలేడు గానీ, ఎక్కడో కూర్చుని సర్వర్‌ను పడుకోబెట్టగలడు.

దీన్ని కనిపెట్టింది నెట్‌ఫ్లిక్స్ ఇంజనీరు జోనాథన్ లూనీ. 2019 జూన్ 17న బయటపెట్టారు. లోపం 2009 నాటి 2.6.29 కర్నెల్ నుంచీ ఉంది. పదేళ్లపాటు ఎంతోమంది చదివిన కోడే! తమాషా ఏమిటంటే నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపేది లినక్స్ నుంచి కాదు, ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి. అందులోనూ శాక్‌కు సంబంధించిన వేరే లోపాన్ని ఆయన అప్పుడే పట్టుకున్నారు.

మరమ్మతు చాలా చిన్నది. మూట కట్టేముందు మొత్తం 65,535 దాటుతుందేమో చూడటం, దాటేట్టుంటే కట్టకుండా వదిలేయడం. మూట కట్టడం సౌకర్యం కోసమే కాబట్టి కట్టకపోయినా కొంప మునగదు. వెంటనే అప్‌డేట్ చేయలేనివాళ్లు శాక్‌ను ఆపేసి, లేదా మరీ చిన్న ముక్కలు అడిగే కనెక్షన్లను ఫైర్‌వాల్ దగ్గరే అడ్డుకుని గట్టెక్కారు. ఆ 48ని పెంచుకునేందుకు కొత్తగా ఒక సెట్టింగ్ కూడా ఇచ్చారు. కానీ పాతవాటితో పొసగడం కోసం దాన్ని అప్పటికి 48 దగ్గరే ఉంచారు.