సబ్ కొనే ముందు గదిని కొలవండి: హోమ్ స్టూడియో బేస్‌పై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు ఒక పడకగదినే స్టూడియోగా మార్చుకుని పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. జానపద పాటలు, ట్రాక్ సింగింగ్, షార్ట్ ఫిల్మ్‌లకు నేపథ్య సంగీతం, డబ్బింగ్, అన్నీ ఆ గదిలోనే. మిక్సింగ్ నా వృత్తి కాబట్టి వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇక్కడ మిక్స్ మంచిగనే ఉంటది. కార్ల వేస్తే బేస్ అంతా గుమ్మంటది. సబ్ కొనమంటవా?" సబ్ అంటే సబ్‌వూఫర్, బేస్ కోసమే ఉండే స్పీకర్. చాలాసార్లు నేను "ఇప్పుడే వద్దు" అనే చెప్తాను. ఎందుకు వద్దో, ఎవరికి కావాలో వివరంగా రాస్తున్నాను.

అపోహ: నా మానిటర్లు చిన్నవి, అందుకే బేస్ తెలియట్లేదు

ఇందులో కొంత నిజముంది. మానిటర్ అంటే మిక్సింగ్‌కు వాడే స్టూడియో స్పీకర్. యమహా హెచ్‌ఎస్5 లాంటి ఐదంగుళాల మానిటర్‌కు కంపెనీ చెప్పే కింది హద్దు 54 హెర్ట్జ్ (సెకనుకు 54 కంపనాలు, అంకె తగ్గేకొద్దీ బేస్ లోతు). అదీ శబ్దం 10 డెసిబెల్స్ పడిపోయాక వచ్చే అంకె. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగలదైతే 31. ఆ స్వరాల అడుగుభాగం ఐదంగుళాల స్పీకర్లో రాదు. అయితే కిక్ డ్రమ్ బలమంతా ఎక్కువగా 50, 80 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అది కూడా సరిగా తెలియట్లేదంటే ముందు గదిని అనుమానించాలి.

మన అపార్ట్‌మెంట్లలో చిన్న పడకగది పది బై పదకొండు అడుగులుంటుంది, ఎత్తు కూడా పదికి కాస్త అటూ ఇటూ. ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. రెండు ఎదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో ఈ వేగాన్ని భాగించండి. ఆ గోడల మధ్య నిలిచిపోయే మొదటి తరంగం ఎంతో తెలుస్తుంది. పదకొండు అడుగులకు 51 హెర్ట్జ్, పదడుగులకు 56. పొడవు, వెడల్పు, ఎత్తు దాదాపు సమానంగా ఉండటంతో మూడు తరంగాలూ ఒకేచోట పోగుపడతాయి. గోడల దగ్గర నిలబడితే ఆ స్వరం చెవులు దిమ్మెక్కేలా మోగుతుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమైపోతుంది. మీ కుర్చీ ఆ నడిమధ్యలో ఉంటే కిక్ మీకు వినిపించదు. వినిపించట్లేదని ఫేడర్ (శబ్దస్థాయి మీట) పైకి లేపుతారు. కార్లో గుమ్మనడానికి కారణం ఇదే.

ఇక్కడ సబ్ కొన్నా లాభం లేదు. ఆ తరంగం మీరు కూర్చున్నచోట సున్నాకు దిగుతున్నప్పుడు, శబ్దం ఏ స్పీకర్ నుంచి వచ్చినా గది చేసేది అదే.

పైసా ఖర్చు లేకుండా దీన్ని పరీక్షించుకోవచ్చు. డీఏడబ్ల్యూలో (మీరు రికార్డింగ్, మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్) టోన్ జెనరేటర్ తెరిచి మీ గదికి లెక్క కట్టిన స్వరాన్ని, ఉదాహరణకు 51 హెర్ట్జ్‌ని, మెల్లగా వదలండి. ముందు గోడ నుంచి వెనక గోడదాకా నడవండి. ఎక్కడ మింగేస్తుందో, ఎక్కడ ఉబ్బుతుందో మీ చెవులకే తెలుస్తుంది. కుర్చీని గది పొడవులో 38 శాతం దగ్గర పెట్టి మొదలుపెట్టమని అకౌస్టిక్స్ తెలిసినవాళ్లు చెప్తారు. పదకొండు అడుగుల గదిలో అది ముందు గోడ నుంచి నాలుగడుగుల పైచిలుకు. అక్కణ్నుంచి అరడుగు అటూ ఇటూ జరుపుతూ వినండి. కుర్చీ జరిపినందుకే మిక్స్ కుదుటపడినవాళ్లను నేను చూశాను.

అపోహ: గోడలనిండా ఫోమ్ అంటించాం, కాబట్టి గది సిద్ధం

రెండంగుళాల ఫోమ్ గట్టిగా పనిచేసేది ఐదారు వందల హెర్ట్జ్‌కు పైన. కోడిగుడ్ల అట్టలు అంతకూ రావు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, దానికి రెండంగుళాల స్పాంజి ఒక లెక్క కాదు. నిజానికి ఫోమ్ పైశబ్దాలను మాత్రమే పీల్చేసి గదిని మరింత మబ్బుగా మారుస్తుంది. నాలుగు నుంచి ఆరంగుళాల మందం రాక్‌వూల్‌కు (రాతి నార పలకలు) గుడ్డ చుట్టి, మూలల్లో నేల నుంచి పైకప్పుదాకా నిలబెట్టండి. వీటినే బేస్ ట్రాప్‌లంటారు. దానికీ 50 హెర్ట్జ్ దగ్గర పరిమితి ఉంది. 80 దాటాక మాత్రం తేడా స్పష్టంగా వినిపిస్తుంది. సబ్‌కు దాచిన డబ్బులో మొదటి వాటా దీనికి ఇవ్వండి.

అపోహ: చిన్న గదిలో అసలు బేస్ పుట్టదు

తరంగం గదికంటే పొడవు కాబట్టి "పట్టదు" అంటారు. అదే నిజమైతే కార్లో, హెడ్‌ఫోన్లో బేస్ వినిపించకూడదు. మొదటి గది తరంగానికి కింద, తలుపు మూసిన గదిలో గాలి ఒత్తిడి అంతటా ఒకేసారి పెరిగి తగ్గుతుంది. అక్కడ బేస్‌కు గదే కాస్త బలం ఇస్తుంది. చిన్న గదిలో బేస్ పుడుతుంది, కానీ అన్నిచోట్లా సమంగా ఉండదు, ఆగాల్సినప్పుడు ఆగదు.

అపోహ: కరెక్షన్ సాఫ్ట్‌వేర్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి

గది చేసే తేడాను కొలిచి స్పీకర్ శబ్దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉబ్బిన స్వరాన్ని ఈక్యూతో (ఒక్కో స్వరం స్థాయిని విడిగా పెంచి తగ్గించే సాధనం) తగ్గించవచ్చు, ఉపయోగమే. మాయమైన స్వరాన్ని మాత్రం పెంచి తీసుకురాలేరు. 10 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్ పదిరెట్లు శక్తి ఇవ్వాలి, అయినా స్వరం మాయమైన ఆ గుంత అలాగే ఉంటుంది.

అపోహ: సబ్ బాగా మోగితే మిక్స్‌లో బేస్ బాగా వస్తుంది

సరిగ్గా తలకిందులు. మీ గదిలో సబ్ ఎక్కువైతే చెవికి బేస్ సరిపోయినట్టు అనిపించి మిక్స్‌లో తగ్గించేస్తారు. పాట బయటికెళ్లాక పలచగా ఉంటుంది. బోనాలకో, నిమజ్జనం ఊరేగింపుకో డీజే బాక్సుల్లో కొట్టాల్సిన పాట అక్కడ చప్పబడిపోతుంది. పైగా తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువగానే వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట మెల్లగా వింటూ సబ్ నాబ్ తిప్పడం అందుకే ప్రమాదం. ఒకసారి కొలిచి పెట్టాక ఆ నాబ్ జోలికి పోవద్దు.

అపోహ: ఫోన్‌లో డెసిబెల్ యాప్ తక్కువే చూపిస్తోంది, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేదు

చాలా యాప్‌లు 'ఏ' వెయిటింగ్‌తో, అంటే చెవికి తగ్గట్టు కింది స్వరాలను తక్కువగా లెక్కించే పద్ధతితో, కొలుస్తాయి. అందులో 50 హెర్ట్జ్ శబ్దం 30 డెసిబెల్స్ తగ్గి కనిపిస్తుంది. మన ఫ్లాట్లలో అడ్డుగోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాలవే. బేస్ గోడలోంచీ స్లాబులోంచీ పోతుంది. సబ్ కింద రబ్బరు ప్యాడ్ పెడితే నేలకు నేరుగా తగిలే కంపనం తగ్గుతుంది, గాలిలోంచి వెళ్లే బేస్ ఆగదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చట్టం పెట్టిన హద్దు 45 డెసిబెల్స్. కింది ఫ్లాట్‌లో పసిపాప పడుకుని ఉంటే ఆ అంకెకంటే ముందు ఆ బిడ్డ నిద్ర చూడాలి. మీ పని రాత్రిళ్లే సాగేదైతే సబ్ వదిలేసి, మంచి ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్స్ తీసుకోండి.

అపోహ: సబ్ పెడితే 5.1కి సిద్ధమైనట్టే

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక బేస్ చానల్ ఉండే సినిమా సరౌండ్ పద్ధతి. స్టీరియోకు చేర్చిన సబ్ ఎడమ, కుడి చానళ్ల అడుగుభాగాన్ని మోస్తుంది, అంతే. సినిమా మిక్స్‌లో ఎల్‌ఎఫ్‌ఈ (లోతైన బేస్ ప్రభావాలకు కేటాయించినది) వేరే చానల్, 120 హెర్ట్జ్ వరకు, 10 డెసిబెల్స్ అదనపు స్థాయితో. రెండూ కలపొద్దు.

మరి ఎవరు కొనాలి?

డబ్బింగ్, పాడ్‌కాస్ట్, గొంతు రికార్డింగ్ మాత్రమే చేసేవాళ్లకు అక్కర్లేదు. మగ గొంతు మూలస్వరం కూడా మామూలుగా 80 హెర్ట్జ్ కిందికి పోదు. ఎలక్ట్రానిక్, హిప్‌హాప్, డీజే పాటలు, సినిమా నేపథ్య సంగీతం చేస్తూ, గది పన్నెండు బై పదిహేను పైన ఉండి, మూలల్లో ట్రాప్‌లు నిలబెట్టినవాళ్లు ధైర్యంగా కొనండి. చాలామంది గమనించని లాభం ఒకటుంది. సబ్‌లో హై-పాస్ అవుట్‌పుట్ (కింది బేస్ తీసేసి మిగతాది మానిటర్లకు పంపేది) ఉండి 80 హెర్ట్జ్ దగ్గర కోస్తే, చిన్న మానిటర్ వూఫర్ మీద బరువు తగ్గుతుంది, గొంతు, డప్పు దెబ్బ విడివిడిగా తేటగా వినిపిస్తాయి. నాకైతే కింది బేస్ కంటే ఈ తేటదనమే ఎక్కువ ఇష్టం. కోఠి గుజరాతీ గల్లీలో హోమ్ థియేటర్ సబ్ తక్కువ ధరకు దొరకవచ్చు. వెనక హై-పాస్ అవుట్‌పుట్, ఫేజ్ స్విచ్ (సబ్ తరంగాన్ని తలకిందులు చేసి మానిటర్లతో కలిసేలా చేసేది) ఉన్నాయో లేదో తిప్పి చూడండి. లేకపోతే వద్దు.

తెచ్చాక సబ్‌ను ముందు మీ కుర్చీ ఉన్నచోటే పెట్టి, బేస్ లైన్ ఒకటి వదిలి, గోడల వెంబడి నేల దగ్గర చెవి పెట్టి తిరగండి. ప్రతి స్వరం సమంగా వినిపించినచోటే సబ్ స్థానం. తర్వాత 80 హెర్ట్జ్ టోన్ వేసి ఫేజ్ స్విచ్ రెండు వైపులా తిప్పండి, ఎటు గట్టిగా వినిపిస్తే అటు ఉంచండి. చివరగా ఒక కొలత మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫ్ తీసి సబ్ స్థాయిని మానిటర్లతో కలపండి. తలుపు, కిటికీ రోజూ పనిచేసేటప్పుడు ఎలా ఉంటాయో కొలిచేటప్పుడూ అలాగే ఉంచండి, తలుపు తెరిస్తే బేస్ గ్రాఫ్ మారిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గర పాట లేనప్పుడూ హమ్ వస్తుంటే అది కరెంటుది. సబ్, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు మైకు, స్పీకర్లను కలిపే పెట్టె), మానిటర్లు మూడింటికీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి కరెంటు తీసుకుని, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (హమ్‌ను తగ్గించేలా చేసిన ఆడియో తీగలు) వాడి చూడండి.