మానిటైజేషన్ వివాదం వెనుక 2017

యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న చానెళ్లకు ఉన్నట్టుండి మానిటైజేషన్ (వీడియోల మీద ఆదాయం పొందే వీలు) రద్దు కావడం, కారణం అడిగితే అందరికీ ఒకే మూస సమాధానం రావడం మళ్లీ వివాదమైంది. గంపగుత్తగా తయారుచేసిన వీడియోలకు ఆదాయం ఉండదన్న నిబంధనను సంస్థ 2025 జులైలో కొత్త పేరుతో ప్రకటించి, ఇది పాత నియమానికి చిన్న సవరణ మాత్రమేనని చెప్పింది. ఆ మాటను క్రియేటర్లు ఎందుకు నమ్మలేకపోతున్నారో తెలియాలంటే ప్రకటనల ఆదాయంలో చానెళ్లకు వాటా ఇచ్చేందుకు 2007లో మొదలైన పార్ట్‌నర్ ప్రోగ్రామ్ దాకా వెళ్లనక్కర్లేదు, 2017 దగ్గర ఆగితే చాలు.

ఆ ఏడాది తొలి నెలల్లో, పెద్ద బ్రాండ్ల ప్రకటనలు తీవ్రవాదుల వీడియోల పక్కన కనిపిస్తున్నాయని లండన్ పత్రిక ‘ది టైమ్స్’ బయటపెట్టింది. మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం, ఆ వెంటనే అమెరికన్ కంపెనీలు ఏటీ అండ్ టీ, వెరైజన్, జాన్సన్ అండ్ జాన్సన్ యూట్యూబ్‌లో ప్రకటనలు ఆపేశాయి. నిమిషానికి 400 గంటల వీడియో వచ్చిపడుతున్న చోట మనుషులతో వడపోత అసాధ్యమన్న సంస్థ వాదనలో నిజం ఉంది. అందుకే ఆ పని యంత్రానికి అప్పగించారు.

ఆ యంత్రపు వడపోత భారం ఎవరి మీద పడిందో కొద్ది నెలల్లోనే తేలింది. క్రియేటర్‌కు తన వీడియో పక్కన ఆకుపచ్చగా కనిపించే డాలర్ గుర్తు పసుపు రంగుకు మారితే, ఆ వీడియోకు పరిమితంగానే ప్రకటనలు వస్తాయని, ఒక్కోసారి అసలే రావని అర్థం. ఏ నిమిషంలో, ఏ మాట వల్ల అలా మారిందో చెప్పేవారు కాదు. అప్పీల్ చేసుకునే వీలుండేది గానీ, 10,000 మంది సబ్‌స్క్రైబర్లు లేని చానెల్ అయితే ఆ వీడియోకు గడిచిన ఏడు రోజుల్లో కనీసం 1,000 వ్యూస్ ఉండాలి. చాలా వీడియోలకు వ్యూస్‌లో అధిక భాగం తొలి రోజుల్లోనే వస్తాయి కాబట్టి, తప్పు సరిదిద్దేసరికి రావలసిన డబ్బు పోయేది.

2018 జనవరిలో, ఆత్మహత్య చేసుకున్న వ్యక్తి మృతదేహాన్ని చూపిన వీడియోతో అమెరికన్ యూట్యూబర్ లోగన్ పాల్ పెను దుమారం రేపాడు. ఖరీదైన ప్రకటనలు వచ్చే చానెళ్ల జాబితా నుంచి అతడిని తొలగించిన యూట్యూబ్, అదే నెల 16న చిన్న చానెళ్లకు కొత్త అర్హత పెట్టింది. అంతకుముందు మొత్తం 10,000 వ్యూస్ ఉంటే సరిపోయేది. ఇకపై 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలన్నారు. దెబ్బతినేవారిలో 99 శాతం మంది అంతకుముందు ఏడాది సంపాదన 100 డాలర్ల లోపేనని సంస్థ లెక్క చెప్పింది. దుమారం రేపినవాడికి కోటికి పైగా సబ్‌స్క్రైబర్లున్నారన్న సంగతికి మాత్రం ఆ లెక్కలో చోటు లేదు.

ప్రకటనకర్తల నమ్మకం కాపాడటానికే గడప ఎత్తు పెంచామని అప్పుడు చెప్పిన సంస్థ, 2020 నవంబరులో నిబంధనలు మార్చి, ఆ గడప బయట ఉన్న చానెళ్ల మీదా ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది. వాటి ఆదాయంలో ఆ చానెళ్ల యజమానులకు వాటా లేదు.

ఇప్పుడు ప్రోగ్రామ్ నుంచి తొలగించిన చానెల్ 21 రోజుల్లోగా అప్పీల్ చేసుకోవాలి. అది ఫలించకపోతే, నిర్ణీత గడువు దాటాకే తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ గడువంతా ఆ వీడియోల మీద ప్రకటనలు వేసి, వచ్చిందంతా తానే ఉంచుకునే హక్కు 2020 నాటి నిబంధనల ప్రకారం యూట్యూబ్‌కు ఉంది.